రామప్పగుడి శిల్పి - వస్తునవ్యత, మాధ్యమ సాంకర్యము

ఉపక్రమము

ఒక కావ్యమును చేపట్టినపుడు "ఇందు కవి నూతనముగా చేసినదేమి?" అని ప్రశ్నించుట మనకు పరిపాటి. ఇతివృత్తము ఎచ్చటిది, మూలమునుండి కవి ఎంతవరకు తొలగినాడు, పద్యమును ఎచ్చట విడిచి గద్యమును ఎచ్చట పట్టినాడు, దేశిచ్ఛందములకు ఎంత చోటిచ్చినాడు అని విభజించి చూచుచున్నాము. శిల్పమును చూచునపుడు మాత్రము ఈ ప్రశ్న మన నోటికి రాదు. అచ్చట శాస్త్రము చెప్పిన కొలతయే ప్రమాణమనియు, శిల్పి ఆ కొలతను రాతికి ఎక్కించిన పనివాడు మాత్రమే అనియు ఒక భావము మన మనస్సులలో స్థిరపడియున్నది. ఈ భావము ఎంతవరకు నిలుచును అని పరీక్షించుటకు ఓరుగల్లు సీమలోని పాలంపేట దేవాలయమునకు మించిన ఉదాహరణము లేదు.

లోకమున రామప్పగుడిగా ప్రసిద్ధమైన ఈ రుద్రేశ్వరాలయము చిరకాలము వరంగల్లు జిల్లాలో నుండి, 2019 నుండి ములుగు జిల్లాలో నున్నది. 2021 జూలైలో ఐక్యరాజ్యసమితి విద్యా వైజ్ఞానిక సాంస్కృతిక సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది. అటుపిమ్మట దీనినిగూర్చిన రచనలు పెక్కు వెలువడినవి. వానిలో ప్రశంస అధికము, విమర్శ అల్పము. ఈ వ్యాసమున మూడు విషయములను మాత్రమే విచారింపదలచితిని. ఒకటి, శిల్పి భిన్న ద్రవ్యములను కలిపి వాడిన తీరు. రెండు, అతడు గ్రహించిన వస్తువులలోని కొత్తదనము. మూడు, ఈ శిల్పములకును జాయపసేనాని నృత్తరత్నావళికిని గల సంబంధమును మనము నిరూపించుచున్న పద్ధతిలోని గుణదోషములు. మూడవది సంస్కృతాంధ్రములను బోధించు మనకు ప్రత్యేకముగా సంబంధించినది.

కాలము, కర్త

ఆలయ ప్రాంగణమునందలి సంస్కృత శాసనము శక సంవత్సరము 1135, శ్రీముఖ నామ సంవత్సరమునకు, అనగా క్రీ.శ. 1213కు చెందినది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు రుద్రేశ్వరుని ప్రతిష్ఠించినట్లు దీనివలన తెలియుచున్నది. గణపతిదేవుడు యాదవులకు బందీయైయున్న దినములలో రాజ్యభారమును మోసి నిలిపినవాడు ఈ రుద్రుడే. కావున ఇది రాజు కట్టించిన గుడి కాదు. రాజ్యమును నిలిపిన సేనాని కట్టించిన గుడి. రాజధానిలోని స్వయంభూ దేవాలయమునందువలె రాజలాంఛనములను ప్రదర్శింపవలసిన నిర్బంధము ఇచ్చట అంతగా లేదు. శిల్పికి లభించిన స్వేచ్ఛకు ఇది యొక కారణము కావచ్చును.

ఇక శిల్పి ఎవడు? రామప్ప అను శిల్పి పేరుననే గుడి వెలసినదని లోకప్రతీతి. దేవుని పేర గాని, కట్టించిన ప్రభువు పేర గాని కాక, చెక్కినవాని పేర గుడి పిలువబడుట మిక్కిలి అరుదని చెప్పి మనము గర్వించుచున్నాము. కాని శాసనము శిల్పిని పేర్కొనలేదు. ఇచ్చటి దేవునికి రామలింగేశ్వరుడను వ్యవహారము కలదు. ఆ నామమునుండియే "రామప్ప" అనునది ఏర్పడియుండుటకు అవకాశము లేకపోలేదు. పూజ్యవాచకమైన "అప్ప" శబ్దము దేవతానామముల చివర చేరుట మనకు తెలిసినదే. కావున రామప్ప శిల్పినామమని చెప్పునపుడు "అని ప్రతీతి" అను మాటను విడువరాదు.

ఈ సందర్భమున హొయసల శిల్పులను స్మరింపవలసియున్నది. 1117లో నిర్మితమైన బేలూరు చెన్నకేశవాలయమున శిల్పులు తాము చెక్కిన బొమ్మల క్రింద తమ పేర్లను, బిరుదములను చెక్కుకొన్నారు. దాసోజ, చావణ మొదలగువారి హస్తములను నేడు వేర్వేరుగా గుర్తింపగలుగుచున్నాము. పాలంపేటలో అట్టి వెసులుబాటు లేదు. ఇంత పని ఒక్కరి చేతిమీద జరిగినదనుటయు పొసగదు. కావున ఈ వ్యాసమున "శిల్పి" అను ఏకవచనము ఒక శిల్పిబృందమునకును, దానిని నడిపిన స్థపతికిని కలిపి చేసిన వ్యవహారమని గ్రహింపవలెను. లోకము మాత్రము ఆ బృందమునకు ఒక పేరు పెట్టుకొని, ఆ పేరును గుడికి కట్టినది. అది చరిత్ర కాకపోయినను ఆదరమునకు నిదర్శనమే.

శుద్ధము, మిశ్రము, సంకీర్ణము

భిన్నద్రవ్యములను కలిపి వాడుట ఆధునిక చిత్రకారుల ప్రయోగమని మనము తలచుచుందుము. కాగితముపై రంగుతోపాటు గుడ్డపీలికను, లోహపు రేకును అంటించినవానిని మిశ్రమాధ్యమ కళాకారుడని పిలుచుచున్నాము. మన వాస్తుగ్రంథములు ఈ విభాగమును ఏనాడో చేసియున్నవి. ఒకే ద్రవ్యముతో కట్టినది శుద్ధము, రెండింటితో కట్టినది మిశ్రము, మూడు గాని అంతకు మించి గాని ద్రవ్యములతో కట్టినది సంకీర్ణము. ఈ పరిభాష ప్రకారము పాలంపేట గుడి సంకీర్ణము. శాస్త్రము సాంకర్యమును నిషేధింపలేదు. దానికొక పేరు పెట్టి అంగీకరించినది. అయితే ఏ ద్రవ్యమును ఎచ్చట, ఏల వాడవలెనను వివేకము శిల్పిది.

ఆ వివేకమును క్రిందినుండి పైకి చూతము. పునాదిలో ఇసుకను నింపి దానిమీద కట్టడమును నిలిపినారని పరిశోధకులు చెప్పుచున్నారు. ఆ ఇసుకలో సున్నము, బెల్లము, కరక్కాయ కలిపినట్లు వారి అభిప్రాయము. భూమి అదరినపుడు ఆ యదురు నేరుగా గోడలకు తగులక ఇసుకపొరలో కొంత అణగిపోవుటకు ఇది ఉపాయము. రంగమండపపు నేల కొన్నిచోట్ల కుంగినను, దూలములు పగిలినను, కట్టడము కూలక నిలిచియుండుట నేటికిని చూడనగును.

దానిపైన నక్షత్రాకారమైన ఎత్తైన జగతి. జగతి, గోడలు ప్రధానముగా ఎఱ్ఱని ఇసుకరాతివి. రంగమండపపు నడిమి స్తంభములు, ద్వారబంధములు, చూరు క్రింద ఏటవాలుగా నిలిచిన మదనికలు నల్లనివి. పూర్వపు రచనలలో ఈ నల్లరాతిని బసాల్టు అనుట కలదు. నేటి వివరణలలో దీనిని డోలరైటు అని పేర్కొనుచున్నారు. ఇది మిక్కిలి కఠినమైనది. బేలూరు శిల్పుల రాయి గనినుండి తీసినపుడు మెత్తనిది, గాలి సోకిన కొలదిని గట్టిపడునది. అందుచేత అచ్చట కుసుమములు, నగలు, లతలు సన్నని నారవలె చెక్కుట సాధ్యమైనది. పాలంపేట శిల్పి అట్టి సుకరమైన రాతిని గాక ఉలికి ఎదురుతిరుగు రాతిని ఎన్నుకొన్నాడు. ఎన్నుకొని దానిని అద్దమువలె నునుపు చేసినాడు.

అన్నిటికంటె పైన విమానము. ఇది రాతిది కాదు, ఇటుకది. ఈ ఇటుకలు నీట తేలునంత తేలికయైనవి. మట్టిలో పొట్టు వంటి దహింపబడు పదార్థములను కలిపి కాల్చగా, అవి మాడిపోయిన తావులు రంధ్రములుగా మిగిలి ఇటుక తేలికయైనదని ఊహించుచున్నారు. దీనివలన స్తంభములపై, గోడలపై పడు భారము తగ్గినది. నీట తేలు ఇటుకను చూపి ఆశ్చర్యపడుటతో మనము ఆగిపోవుచున్నాము. దాని ప్రయోజనము ఇటుకలో లేదు. క్రిందనున్న రాతిలో నున్నది. పైభారము తగ్గినందుననే క్రింది కట్టడమునకు ఊరట కలిగినది. తేలికయైన ఇటుకయు బరువైన రాయియు ఒకే ఆలోచనలోని రెండు భాగములు.

సాహిత్యవిద్యార్థికి ఇది కొత్త కాదు. గద్యపద్యములు కలసినది చంపువు. కథ సాగవలసినచోట గద్యము, వర్ణనము నిలువవలసినచోట పద్యము. రెండును ఉన్నంతమాత్రమున మంచి చంపువు కాదు. ఏది ఎచ్చట ఉండవలెనో అచ్చట ఉన్నపుడే అది మంచి చంపువు. ఇసుకరాయి గోడలుగా కథను నడుపుచున్నది. నల్లరాయి కన్ను నిలువవలసిన తావులలో, అనగా ద్వారమునందు, రంగస్థలపు నాలుగు స్తంభములందు, చూరు క్రింద నిలిచినది. రంగుల భేదమును శిల్పి అలంకారముగా కాక విరామచిహ్నమువలె వాడినాడని చెప్పిన తప్పుకాదు.

వస్తునవ్యత

ఈ నల్లరాతిలో శిల్పి చెక్కిన వస్తువు లేవి? ప్రవేశముల పార్శ్వములందు పండ్రెండు మదనికలు కలవు. తక్కిన తావులలో గజవ్యాళ రూపములు. మదనిక నూతనసృష్టి కాదు. కొమ్మ పట్టుకొని నిలిచిన సాలభంజిక సాంచీ తోరణములనాటినుండియు మన శిల్పమునకు పరిచితురాలు. బేలూరులో ఆమె అద్దము చూచుకొనినది, వీణ మీటినది, చిలుకతో పలికినది. ఆమె పైని లతావితానము దట్టముగా పరచుకొన్నది. పాలంపేట శిల్పి ఈ పూర్వసంపదను ఎరుగనివాడు కాడు. ఎరిగియే అతడు లతలను తగ్గించినాడు, దేహరేఖను పొడిగించినాడు. స్తంభమునుండి చూరునకు ఏటవాలుగా సాగు ఒక శిలాఖండములో మానవదేహమును ఇముడ్చుట అతని ముందున్న సమస్య. నిటారుగా నిలిచిన దేహము ఆ వాలుకు ఒదుగదు. కావున దేహమును నృత్యభంగిమలో వంచినాడు. ఇచ్చట నృత్తము వస్తువు మాత్రమే కాదు. నిర్మాణసమస్యకు పరిష్కారము కూడ.

వస్తువులలో నాగిని, వేటకత్తె, మద్దెల వాయించు స్త్రీ, పాదమునుండి ముల్లు తీయించుకొనుచున్న స్త్రీ ప్రసిద్ధలు. ముల్లు తీయించుకొనుట ఇచ్చటనే పుట్టిన వస్తువు కాదు. ఖజురాహో శిల్పములలోను కనిపించును. శాకుంతలమున శకుంతల దర్భ గుచ్చుకొన్నదను నెపముతో నిలిచిన ఘట్టమును ఎరిగిన పాఠకునికి అందలి శృంగారధ్వని వెంటనే స్ఫురించును. కాని అచ్చటి ముల్లు నెపము. ఇచ్చట అదే గోడపై, అదే పంక్తిలో, విల్లుతో సంబంధించిన అడవి స్త్రీ యున్నందున ముల్లు నిజమైన ముల్లుగా తోచును. కావ్యనాయికకు చెందిన భంగిమను అడవిలో తిరుగు స్త్రీకి సన్నిహితముగా నిలుపుట, రాజాంతఃపురమున పెరిగిన మదనికను ములుగు అరణ్యసీమలోనికి నడిపించుట ఇచ్చటి నవ్యత. కొందరు మదనికల పాదములకు ఎత్తు మడమల పాదరక్షలు కలవని నేటి సందర్శకులు వింతగా చెప్పుకొనుచున్నారు. దానిని నేటి నాగరకతతో పోల్చి సంతోషించుటకంటె, అడవి త్రోవలో నడుచువారికి పాదరక్ష అవసరమని శిల్పి గమనించినాడని గ్రహించుట మేలు.

రంగమండపమునందలి స్తంభములపైనను దూలములపైనను నర్తకీ నర్తకులు, మద్దెల తాళములు పట్టిన వాద్యగాండ్రు వరుసలుగా నున్నారు. జగతిపై గోడ అడుగున ఏనుగుల బారు సాగుచున్నది. ద్వారపార్శ్వమున చెట్టుక్రింద వేణువూదు కృష్ణుని బొమ్మను మీటినచో స్వరములు పలుకునని చూపుట వాడుక. దేవతామూర్తుల లక్షణములకు శాస్త్రనియమము గట్టిది. ఏ చేత ఏ ఆయుధమో మార్చుటకు వీలులేదు. నర్తకులు, వాద్యగాండ్రు, మల్లులు, వేటకత్తెలు ఆ నియమమునకు వెలుపలివారు. శిల్పి తన కొత్తదనమును శాస్త్రము మౌనముగా విడిచిన చోట్ల చూపినాడు. శాస్త్రమును ధిక్కరింపక, శాస్త్రమునకు లొంగిపోక, మధ్యనున్న ఖాళీని గుర్తించుట ప్రతిభావంతుని లక్షణము.

ఇదే కాలపు తెలుగు సాహిత్యమును ప్రక్కన నుంచుకొన్నచో ఈ శిల్పి ఒంటరి కాడని తేలును. మార్గ, దేశి కవితలను విభజించి చెప్పినవాడు నన్నెచోడుడు. ఓరుగల్లు సీమకే చెందిన పాలకురికి సోమనాథుడు, కాలవిషయమున పండితులలో భేదాభిప్రాయము లున్నను, ద్విపదను మహాకావ్యస్థాయికి ఎత్తినాడు. భక్తులైన సామాన్యులను కథానాయకులను చేసినాడు. ఉదాహరణము, రగడ, శతకము మొదలగు రూపములను చేపట్టినాడు. పండితారాధ్య చరిత్రమున తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మున్నగు జనగేయములను పేర్కొన్నాడు. వస్తువు కొత్తదైనపుడు మాధ్యమమును కూడ మార్చవలెనను ఎరుక ఇద్దరియందును సమానము.

చిత్రసూత్రము చెప్పిన క్రమము

ఒక కళ మరియొక కళలోనికి ప్రవేశించుటకు శాస్త్రాధారము కలదా? విష్ణుధర్మోత్తర పురాణమునందలి సంవాదము ఇచ్చట స్మరణీయము. ప్రతిమాలక్షణమును తెలుపుమని వజ్రుడను రాజు అడుగగా, చిత్రము తెలియనిచో ప్రతిమ తెలియదని మార్కండేయుడు సమాధానము చెప్పును. చిత్రమునకు నృత్తము, నృత్తమునకు వాద్యము, వాద్యమునకు గీతము ఆధారమని క్రమముగా పలికి, రాజును గీతమువరకు కొనిపోవును. ఈ సంవాదమును మనము సాధారణముగా కళల పరస్పరాశ్రయమునకు ఉదాహరణముగా చెప్పి విడిచిపెట్టుచున్నాము. దీనిని పాలంపేటకు అన్వయించినచో ఒక స్పష్టత కలుగును. శిల్పి గీతమును రాతిలో చెక్కలేడు. కాని వాద్యమును, వాద్యగానిని చెక్కగలడు. వాద్యగాని ప్రక్కన నర్తకిని చెక్కినపుడు, వినబడని గీతము చూచువాని మనస్సులో పలుకును. నర్తకుల వరుసలలో మద్దెలకాండ్రు ఏల నిలిచినారో దీనివలన బోధపడుచున్నది.

నృత్తరత్నావళితో సంబంధము

జాయపసేనాని గణపతిదేవుని గజసాహిణి, రాజునకు బావమఱది. అతని తోబుట్టువులైన నారాంబ, పేరాంబలు గణపతిదేవుని రాణులు. అతడు సంస్కృతమున రచించిన నృత్తరత్నావళి ఎనిమిది అధ్యాయముల గ్రంథము. మొదటి నాలుగు అధ్యాయములు భరతాదులు చెప్పిన మార్గమునకును, తరువాతి నాలుగు దేశికిని చెందినవి. గ్రంథరచనాకాలము క్రీ.శ. 1253-54. దీనిని వి. రాఘవన్ పరిష్కరింపగా 1965లో మద్రాసున ముద్రితమైనది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి తెలుగు అనువాదము వలన తెలుగు పాఠకులకు ఇది సన్నిహితమైనది.

ఒక సగమును దేశికి కేటాయించుటయే ఈ గ్రంథము విశిష్టత. పేరణి, ప్రేంఖణము, రాసకము, చర్చరి, దండరాసకము, శివప్రియము, చిందు, కందుకము, కొల్లాటము మొదలగు నృత్తవిశేషములను జాయన లక్షణబద్ధము చేసినాడు. శిల్పి రాతిలో చేసినదియు, సేనాని శ్లోకములో చేసినదియు ఒకే పని: శాస్త్రము చూడని దానిని శాస్త్రస్థాయికి తెచ్చుట.

ఇచ్చటనే ఒక చిక్కు కలదు. "జాయన రామప్పగుడి శిల్పములను చూచి గ్రంథము వ్రాసినాడు" అని కొందరు, "జాయన లక్షణములకు ఈ శిల్పములు లక్ష్యములు" అని మరికొందరు వ్రాయుచున్నారు. 1213 నాటి ప్రతిష్ఠకును 1253-54 నాటి గ్రంథమునకును నడుమ నలువది సంవత్సరముల వ్యవధి కలదు. గుడి 1213లోనే సర్వాంగసంపూర్ణమైనదన్నచో రెండవ వాదము నిలువదు. పుట్టని గ్రంథమునకు లక్ష్యములు ఉండవు. నిర్మాణము 1213లో ఆరంభమై సుమారు నలువది ఏండ్లు సాగినదని ప్రపంచ వారసత్వ ప్రకటనలోని భావన. దీనిని అంగీకరించినచో రెండును సమకాలికములగును. అపుడు ఏది దేనికి మూలము అను ప్రశ్నయే సడలిపోవును. ఏ పక్షమును గ్రహించినను, సమీపకాలికత సంబంధమునకు అవకాశము మాత్రమే, నిరూపణము కాదు.

రెండవ చిక్కు ఇంతకంటె గట్టిది. దేశినృత్తమును వర్ణించినవాడు జాయన ఒక్కడే కాడు. అతనికి పూర్వము చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసమునను, యాదవ సింఘణుని ఆస్థానమున వెలసిన శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమునను దేశినృత్త ప్రస్తావన కలదు. పేరణి లక్షణము సంగీతరత్నాకరమునందు కూడ ఉన్నది. కావున పాలంపేట శిల్పమొకటి జాయన శ్లోకముతో సరిపోలినంత మాత్రమున అది జాయన శ్లోకమే అని నిర్ణయింపరాదు. జాయన మాత్రమే చెప్పి, తక్కినవారు చెప్పని విశేషము శిల్పమున కనబడినపుడే ఆ పోలికకు బలము చేకూరును.

మూడవ చిక్కు నేటిది. పేరిణి నృత్యమును ఆచార్య నటరాజ రామకృష్ణ పునఃసృష్టించినారు. నృత్తరత్నావళి వాక్యములను, రామప్ప శిల్పములను ఆధారముగా గొని, తాండవప్రధానమైన నృత్యరూపమును వారు రంగముపై నిలిపినారు. అది మహత్తరమైన కృషి. నేడు తెలంగాణమున అది బోధింపబడుచున్నది. కాని నేటి పేరిణిని చూచి, "ఇదిగో, ఈ భంగిమ రామప్పలో నున్నది, కావున రామప్పలోనిది పేరిణియే" అని వాదించినచో అది చక్రకదోషము. శిల్పమునుండి గ్రహించిన భంగిమ శిల్పముతో సరిపోలుటలో వింత లేదు. రామకృష్ణగారి కృషిని పురావస్తువుగా కాక, 20వ శతాబ్దిలోని ఒక కళాకారుని సృష్టిగా గౌరవించుట న్యాయము. శ్లోకమును, శిలను, దేహమును కలిపి ఆయన కూడ ఒక సంకీర్ణరచన చేసినారు.

రాయి చెప్పగలిగినది, చెప్పలేనిది

పేరణికి ఘర్ఘరము, విషమము, భావాశ్రయము, కవిచారము, గీతము అని ఐదు అంగములు చెప్పబడినవి. గజ్జెల పలుకులలోని నేర్పు ఘర్ఘరము. ఎగురుట, దుముకుట మొదలగు కష్టసాధ్యమైన గతులు విషమము. వికృతానుకరణముతో నవ్వించునది భావాశ్రయము. నాయకస్తుతి కవిచారము. ఐదవది గీతము. ఈ ఐదింటిలో రాయి చూపగలిగినవి ఎన్ని? విషమమును ఒక క్షణమునకు పట్టి నిలుపగలదు. భావాశ్రయమును ముఖమున, నడుమున కొంత సూచింపగలదు. తక్కిన మూడును శబ్దాశ్రయములు. అవి రాతికి అందవు. కావున "ఈ శిల్పము పేరణి" అని చెప్పుట, ఐదంగములలో ఒకటిన్నర చూచి మొత్తమును ఊహించుట యగును. ఊహ తప్పుకాదు, ఊహను ప్రత్యక్షమని చెప్పుట తప్పు.

కరణముల విషయమునను ఇట్లే. కరణమనగా హస్తపాదముల సమాయోగము. అది చలనము, నిశ్చలచిత్రము కాదు. చలనములోని ఒక మధ్యక్షణమును శిల్పి ఎన్నుకొన్నపుడు, ఆ క్షణము రెండు మూడు కరణములకు సమానముగా చెందవచ్చును. చిదంబరము గోపురములందు కరణశిల్పములతోపాటు నాట్యశాస్త్ర శ్లోకములు చెక్కబడినందున అచ్చట సందేహమునకు చోటు తక్కువ. పాలంపేట శిల్పి తన బొమ్మల క్రింద శ్లోకము వ్రాయలేదు, పేరు వ్రాయలేదు. అతడు లక్షణగ్రంథమునకు దృష్టాంతములు చెక్కుటకు కూర్చున్నవాడు కాడని దీనిని బట్టి ఊహింపవచ్చును. కన్నులతో చూచిన నాట్యమును చెక్కినాడు. దానికి పేరు పెట్టు పని మనకు విడిచినాడు.

అధ్యయన పద్ధతి

ఈ కారణములచేత విద్యార్థులకు ఈ శిల్పములను బోధించునపుడు ఒక క్రమమును పాటించుట అవసరమని తలచుచున్నాను. మొదట గ్రంథమును ప్రక్కనబెట్టి శిల్పమును చూడవలెను. పాదము నేలపై ఎట్లున్నది, మోకాలు ఎంత వంగినది, నడుము ఏ ప్రక్కకు ఒరిగినది, చేతులు ఏ తలమున నున్నవి, ప్రక్కన ఏ వాద్యమున్నది, ఆ శిల్పము కట్టడములో ఏ తావున నిలిచినది అని వ్రాసికొనవలెను. వంపునకు నృత్తము కారణమో, చూరు వాలు కారణమో ఆలోచింపవలెను. పిమ్మట నృత్తరత్నావళిలోని స్థానకములను, దేశిచారులను శిల్పముతో నిమిత్తము లేకుండ చదువవలెను. ఆ తరువాతనే రెంటిని పోల్చి, అదే లక్షణము మానసోల్లాస, సంగీతరత్నాకరములందు కలదో లేదో చూడవలెను. రంగముపై నేడు ప్రదర్శింపబడు పేరిణిని చివర చూడవలెను, సాక్ష్యముగా కాక వ్యాఖ్యానముగా. మూలమును చదువకముందే వ్యాఖ్యానమును చదువరాదని మనము కావ్యపాఠమున చెప్పుచున్న మాటయే ఇది.

1922లో గులాం యాజ్దానీ పాలంపేట దేవాలయములపై ప్రత్యేక గ్రంథమును వెలువరించినారు. అది వెలువడి శతాబ్దము దాటినది. భవననిర్మాణ విజ్ఞులు ఇటుకను, ఇసుకను పరీక్షించినారు. నర్తకులు భంగిమలను అభ్యసించినారు. సంస్కృతము తెలిసినవారు శ్లోకమును చేతబట్టి, ఒక్కొక్క స్తంభము ముందు నిలిచి చేయవలసిన పని మాత్రము ఇంకను చాల మిగిలియున్నది. నృత్తరత్నావళి మన గ్రంథాలయములలో నున్నది. గుడి ఓరుగల్లునుండి ఒక పూటలో పోయి రాదగిన దూరములో నున్నది.

ఉపసంహారము

పాలంపేట శిల్పి శాస్త్రమునకు విరోధముగా ఏమియు చేయలేదు. సంకీర్ణము శాస్త్రసమ్మతమే, మదనిక ప్రాచీనయే, నృత్తమునకు ప్రతిమతో బంధము పురాణోక్తమే. అతడు చేసినది కూర్పు. తేలిక ఇటుకతో బరువును తగ్గించి, మెత్తని ఎఱ్ఱరాతిలో కఠినమైన నల్లరాతిని నిలిపి, నిర్మాణమునకు కావలసిన వాలును నర్తకి నడుములో చూపి, గుడిగోడపై అడవి స్త్రీకి చోటిచ్చినాడు. వేరువేరుగా చూచినచో ప్రతిదానికిని పూర్వోదాహరణము చూపవచ్చును. అన్నిటిని ఒకచోట చేర్చిన తీరుకు మాత్రము పూర్వోదాహరణము చూపుట కష్టము.

అతని పేరు మనకు నిశ్చయముగా తెలియదు. అతడు చూచిన నర్తకి పేరును తెలియదు. తెలియనిచోట పేరు పెట్టుటకు త్వరపడక, అతని ఉలి ఎచ్చట ఆగినదో, ఎచ్చట సాగినదో ఓపికతో చదువుట మన కర్తవ్యము. కావ్యమును అక్షరమక్షరముగా చదువు అలవాటు మనకు కలదు. ఆ అలవాటును రాతికి కూడ చూపినచో, లక్షణమును లక్ష్యమును రెండింటిని గౌరవించినవారమగుదుము.